లుబ్లియానా ఆధునిక చరిత్ర మ్యూజియం: స్లొవేన్ల 20వ శతాబ్దాన్ని అక్కడ ఎలా చదవాలి?

మట్టిగోడ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో, టివోలి పార్కు అంచున త్సెకిన్ భవనంలో ఉన్న ఆధునిక చరిత్ర మ్యూజియం మీద మ్యూజియాలజీ ప్రాజెక్టు రాస్తున్నాను. 20 లక్షల పైచిలుకు జనాభా ఉన్న జాతి, 1991 దాకా సొంత స్వతంత్ర దేశమే లేని జాతి, తన గత వందేళ్లను గదుల్లో ఎలా అమర్చుకుందన్నది నా అంశం. ఆస్ట్రియా-హంగరీ, రెండు రకాల యుగొస్లావియా, మూడు దేశాల ఆక్రమణ, ఆ తర్వాత స్వతంత్రం, ఇన్ని ఒకే శతాబ్దంలో ఇరుక్కున్నాయి.

చదివేకొద్దీ మూడు చోట్ల ఆగిపోతున్నాను. ఒకటి, ఈ సంస్థ పేరు ఎందుకు ఇన్నిసార్లు మారింది? రెండు, 1941–45 భాగంలో పార్టిజాన్లనూ (ఆక్రమణ మీద పోరాడిన గెరిల్లాలు) వాళ్లకు ఎదురు నిలిచిన స్లొవేన్లనూ ఎలా చూపిస్తే న్యాయంగా ఉన్నట్టు? మూడు, అక్కడ గడపడానికి రెండు రోజులే ఉంటాయి, నోట్సు ఏ పద్ధతిలో రాసుకోవాలి? ఈ చరిత్ర తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా?

దస్తావేజు:

మట్టిగోడ గారూ, పేర్ల పట్టికను ముందు గోడకు అంటించుకోండి, మీ ప్రాజెక్టుకు సగం దారి అదే చూపిస్తుంది.

ఈ సంస్థకు విత్తు యుద్ధంలోనే పడింది. 1944 జనవరిలో పార్టిజాన్ల చేతిలో ఉన్న ప్రాంతంలో, చరిత్రకారుడు ఫ్రాన్ జ్విట్టర్ ఆధ్వర్యంలో ఒక పరిశోధన సంస్థ పెట్టి, కరపత్రాలు, ఫొటోలు, ఉత్తర్వులు పోగుచేయడం మొదలెట్టారు. 1948లో అదే దారిలో జాతీయ విమోచన మ్యూజియం వచ్చింది. 1962లో అది ప్రజా విప్లవ మ్యూజియం అయింది. 1994లో ఆధునిక చరిత్ర మ్యూజియం అన్నారు, 1996లో 20వ శతాబ్దపు స్లొవేన్ల మీద కొత్త శాశ్వత ప్రదర్శన తెరిచారు. 2021లో అప్పటి ప్రభుత్వం స్వాతంత్ర్యం కోసమే విడిగా ఇంకో మ్యూజియం స్థాపించింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2023 జనవరిలో రెండింటినీ కలిపేసి మళ్లీ కొత్త పేరు పెట్టింది. దాని మీద పెద్ద రగడే జరిగింది.

దీన్ని ‘ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మార్చారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేయకండి. బోర్డు కంటే నెమ్మదిగా మారేది గోదాములోని సరుకు. మొదటి 40 ఏళ్లకు పైగా సేకరణంతా యుద్ధం గెలిచిన పక్షం కళ్లతో జరిగింది. అందుకే పార్టిజాన్ల టోపీలు, రహస్య ముద్రణాలయాల కాగితాలు, ఆసుపత్రి పనిముట్లు, ఫొటోల నెగెటివ్‌లు అక్కడ దండిగా ఉంటాయి. ఓడిన పక్షం వాళ్లవి 1945లో కొన్ని తగలబడ్డాయి, కొన్ని అటకల మీద దాక్కున్నాయి, కొన్ని వలస వెళ్లినవాళ్లతో అర్జెంటీనా దాకా పోయాయి. 1990ల తర్వాత క్యూరేటర్లు ఎంత సమతూకం కోరుకున్నా, బీరువా తెరిస్తే ఒక వైపువే ఎక్కువ దొరుకుతాయి. కాబట్టి ఒక గదిలో ఎవరి వస్తువులు తక్కువున్నాయని కనిపించగానే దాన్ని క్యూరేటర్ పక్షపాతం అనేయొద్దు. ఆ వస్తువు సంస్థకు ఏ ఏడాది చేరిందో అడగండి. చేరిక రిజిస్టరు నంబరు, చేరిన సంవత్సరం, ఇచ్చినవారు వ్యక్తా సంస్థా అనే మూడు వివరాలు ఓ పది వస్తువులకైనా దొరికితే, మీ వాదనకు గట్టి పునాది పడుతుంది. ఇవి లేబుల్ మీద సాధారణంగా ఉండవు. వెళ్లేముందే డాక్యుమెంటేషన్ విభాగానికి మెయిల్ రాసి, వస్తువుల పేర్లు ఇచ్చి అడగాలి.

1996 నాటి ప్రదర్శనలో ఒక అమరిక మీద కాస్త ఆగండి. స్తాలిన్ చిత్రపటాన్ని గోడకు తగిలించకుండా, రెండు గదుల మధ్య తలుపు వెనక పక్కన పడేసినట్టు పెట్టారు. 1948లో యుగొస్లావియాను సోవియట్ కూటమి నుంచి వెలివేశారు. నిన్నటిదాకా ప్రతి ఆఫీసులోనూ ఉన్న పటం ఏం చేయాలో తెలియని వస్తువైపోయింది. ఆ సంగతి చెప్పడానికి రెండు పేరాల లేబుల్ రాయొచ్చు, వీళ్లు చోటుతోనే చెప్పేశారు. ప్రదర్శనలు మారుతుంటాయి కనుక మీరు వెళ్లేసరికి ఏది ఉందో ముందే కనుక్కోండి. మీ ప్రాజెక్టుకు మాత్రం ఆ పాత అమరిక ఫొటో సంపాదించాల్సిందే.

గోదారొడ్డు:

రెండో ప్రశ్నకు నా వంతు. ఇందులో ఎక్కువమంది బోల్తా కొట్టేది, కథను 1941 ఏప్రిల్‌లో మొదలుపెట్టడం వల్ల.

స్లొవేన్లకు ఫాసిజం అంతకు 20 ఏళ్ల ముందే ఇంటికొచ్చింది. 1920 జూలై 13న ట్రియెస్టేలో స్లొవేన్ల సాంస్కృతిక భవనం ‘నారోద్ని దోమ్’ను ఫాసిస్టులు తగలబెట్టారు. అదే ఏడాది నవంబర్ 12న కుదిరిన రపాల్లో ఒప్పందంతో పశ్చిమాన ఉన్న ప్రిమోర్స్కా మొత్తం ఇటలీకి పోయింది. స్లొవేన్ జనాభాలో దాదాపు నాలుగో వంతు ఆ సరిహద్దుకు అవతల పడిపోయారు. తర్వాత బడుల్లో స్లొవేన్ భాష ఆగిపోయింది, ఇంటిపేర్లను ఇటాలియన్ చేశారు. 1927లో టిగర్ అనే రహస్య ప్రతిఘటన సంఘం పుట్టింది. 1930 సెప్టెంబర్ 6న ఫాసిస్టు కోర్టు మరణశిక్ష వేసిన నలుగురు ప్రతిఘటనకారులను బజొవిజ్జా దగ్గర కాల్చి చంపారు. ఉత్తరాన కరింథియాలో 1920 అక్టోబర్ 10న ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, ఓటింగ్ జరిగిన దక్షిణ మండలంలో స్లొవేన్ మాట్లాడేవాళ్లే ఎక్కువైనా 59 శాతం ఆస్ట్రియా వైపు వేశారు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలపు గదిలో ఈ రెండు గాయాలకూ ఎంత చోటిచ్చారో చూడండి. ఆ గది బక్కచిక్కి ఉంటే తర్వాతి గది అర్థం కాదు.

ఇక 1941. ఏప్రిల్ 6న దాడి మొదలయ్యాక దేశం ముక్కలైంది: ఉత్తరం జర్మనీకి, లుబ్లియానాతో సహా దక్షిణం ఇటలీకి, తూర్పున ప్రెక్ముర్యె హంగరీకి. ఏప్రిల్ చివర్లో విమోచన కూటమి లుబ్లియానాలో ఏర్పడింది. అందులో కమ్యూనిస్టులే కాదు, క్రైస్తవ సోషలిస్టులు, సోకోల్ వ్యాయామ సంఘం వాళ్లు, కళాకారులు, మేధావులు కూడా ఉన్నారు. నాయకత్వం మాత్రం కమ్యూనిస్టుల చేతిలోకి పోయింది. వాళ్ల భద్రతా విభాగం 1941లోనే నగరంలో ప్రత్యర్థులను చంపడం మొదలెట్టింది. మాజీ గవర్నర్ మార్కో నట్లాచెన్‌ను 1942 అక్టోబర్ 13న అలాగే చంపారు. పల్లెల్లో ఇటలీ సాయంతో గ్రామ రక్షక దళాలు వచ్చాయి. 1943 సెప్టెంబర్‌లో ఇటలీ లొంగిపోయాక జర్మన్ల కింద స్లొవేన్లతోనే దొమొబ్రాంత్సి (గృహ రక్షక) దళం ఏర్పడింది. 1944 ఏప్రిల్ 20న, అంటే హిట్లర్ పుట్టినరోజున, బెజిగ్రాద్ స్టేడియంలో వాళ్లు ప్రమాణం చేశారు. 1945 మేలో ఆస్ట్రియాకు పారిపోయినవాళ్లను వెట్రిన్ శిబిరం నుంచి బ్రిటిష్ సైన్యం వెనక్కి పంపింది. అధికారంలోకి వచ్చిన కమ్యూనిస్టులు వాళ్లలో వేలమందిని విచారణ లేకుండా కొచెవ్స్కి రోగ్ అడవి గుంటల దగ్గర, పాత గని సొరంగాల దగ్గర చంపేశారు. హుదా యామ గనిలో అడ్డుగోడలు తొలిచి ఆ శవాల దగ్గరికి చేరింది 2009 మార్చిలో. దేశమంతా కలిపి నమోదైన రహస్య సమాధి స్థలాలు 600 పైనే.

ఇవన్నీ పక్కపక్కన పెట్టేసి ‘రెండు వైపులా తప్పులున్నాయి’ అని రాస్తే న్యాయం చేసినట్టు కాదు. ఆక్రమణదారుడితో పోరాడటం ఒక ప్రశ్న. అతని ఆయుధంతో సొంత ఊరివాడి మీదికి వెళ్లడం ఇంకో ప్రశ్న. యుద్ధం అయిపోయాక, ఆయుధం దింపిన మనిషిని చంపడం మూడోది. మంచి ప్రదర్శనలో ఈ మూడింటికీ మూడు చోట్లుంటాయి. ఒకదాని జవాబుతో ఇంకోదాన్ని కప్పేయరు. మీరు లేబుల్స్‌లో క్రియాపదాలు ఏరండి: ‘చనిపోయారు’, ‘కనిపించకుండా పోయారు’, ‘చంపారు’. ఎవరు చంపారో కర్త ఉన్న వాక్యాలెన్ని, లేనివెన్ని అని లెక్కేస్తే గది మొగ్గు బయటపడుతుంది.

పటంచూపు:

గోదారొడ్డు గారు చెప్పిన దాంట్లో ఎక్కువ భాగం ఒప్పుకుంటాను, కానీ ఒక చోట తేడా ఉంది. మూడు ప్రశ్నలూ విడివిడిగా పెట్టడం రాతలో బాగుంటుంది. ఒకే కుటుంబంలో ఒక అన్న పార్టిజాన్, ఇంకో తమ్ముడు దొమొబ్రాంత్సి అయిన ఊళ్లున్నాయి. మూడు గదులుగా విడదీస్తే ఆ ఇల్లు ఏ గదిలోకీ రాదు. ఒక ఊరిని పట్టుకుని 1941 నుంచి 1945 దాకా చూపించే అమరిక ఉందా లేదా అన్నది కూడా రాసుకోండి.

నోట్సు సంగతి. రెండు రోజులుంటే ఇలా చేయొచ్చు:

మొదటి పూట ఒక్క లేబుల్ కూడా చదవకుండా చుట్టేయండి. ఎక్కడ వెలుతురు తగ్గింది, ఎక్కడ శబ్దం పెట్టారు, ఎక్కడ నడిచే దారి ఇరుకైంది అన్నవే గుర్తు పెట్టుకోండి. మొదటి ప్రపంచ యుద్ధానికి కందకంలో నడుస్తున్నట్టు శబ్దాలతో గది కట్టడం, స్వాతంత్ర్యానికి వెలుతురు, టీవీ తెరలు పెట్టడం ఇలాంటి మ్యూజియంలలో మామూలు. చూసేవాడి ఒంటికి ముందు అర్థమయ్యేది ఇదే.

మధ్యాహ్నం గ్రాఫ్ కాగితం మీద నేల పటం గీసి, ఒక్కో దశాబ్దానికి గోడ పొడవు అడుగుల్లో వేయండి. అడుగుకు అడుగు అంటించి కొలిస్తే చాలు, టేపు అక్కర్లేదు. 1945 నుంచి 1980 దాకా 35 ఏళ్లకూ, 1988 నుంచి 1991 దాకా మూడేళ్లకూ దక్కిన గోడను పోల్చండి. తేడా ఎంత వచ్చినా ఆ అంకెనే రాయండి, వ్యాఖ్యానం తర్వాత చేయొచ్చు.

రెండో రోజు లేబుల్స్. అన్నీ ఫొటో తీస్తే ఇంటికొచ్చాక ఏది ఏ వస్తువుదో తేలదు. ప్రతి లేబుల్‌కూ రెండు ఫొటోలు తీయండి: ముందు వస్తువుతో కలిపి దూరం నుంచి, వెంటనే లేబుల్ దగ్గరగా. గది మారినప్పుడల్లా గది నంబరు కాగితం మీద రాసి దాన్నీ ఓ ఫొటో తీస్తే వరస తప్పదు. ఫ్లాష్ వాడొద్దు, అద్దం మీద మెరుపుకు అక్షరాలు పోతాయి. కొంచెం పక్కకు జరిగి ఏటవాలుగా తీయండి. స్లొవేన్ లేబుల్, ఇంగ్లిష్ లేబుల్ రెండూ తీసుకోండి. ఇంగ్లిష్‌లో చాలాసార్లు పొట్టి చేస్తారు, ఊళ్ల పేర్లు, సంఘాల పేర్లు అక్కడే రాలిపోతాయి.

చివరి గంట ప్రదర్శనలో కనిపించనివాళ్ల కోసం ఉంచండి. 1944 వసంతంలో ప్రెక్ముర్యె నుంచి ఆష్విట్జ్‌కు తరలించిన యూదులు, హిట్లర్-ముస్సోలినీ ఒప్పందంతో 1941–42లో ఖాళీ చేయించిన కొచెవ్యె జర్మన్లు, రోమా జనం, యుగొస్లావియా మిగతా రిపబ్లిక్‌ల నుంచి ఫ్యాక్టరీల పనికొచ్చినవాళ్లు. వీళ్లకు ఒక వస్తువైనా ఉందా, లేక వాక్యంతో సరిపెట్టారా?

తారీఖుల్లో తడబడే చోట్లు ముందే చెప్పేస్తున్నా. మే డిక్లరేషన్ (రాజకీయ డిమాండ్ల ప్రకటన) రెండున్నాయి, 1917 మే 30న ఒకటి, 1989 మే 8న ఇంకోటి. ప్లెబిసైట్ (ప్రజాభిప్రాయ సేకరణ) రెండున్నాయి, 1920 కరింథియాది, 1990 స్వాతంత్ర్యానిది. యుగొస్లావియా కూడా ఒకటి కాదు. 1918 డిసెంబర్ 1న పుట్టిన రాజ్యం వేరు (దానికి యుగొస్లావియా అన్న పేరు 1929లో వచ్చింది), 1945 తర్వాతి సోషలిస్టు సమాఖ్య వేరు. నెహ్రూ, టిటోల అలీనోద్యమం వల్ల మనకు తెలిసిన యుగొస్లావియా ఈ రెండోదే.

మట్టిగోడ:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలండీ. ఇంకో రెండు సందేహాలు. మ్యూజియం గోడల బయట, అదే చరిత్రను పోల్చి చూడ్డానికి తప్పనిసరిగా వెళ్లాల్సిన చోట్లేవి? 1991 భాగంలో దేన్ని జాగ్రత్తగా చూడాలి?

గోదారొడ్డు:

నగరంలోనే మొదలుపెట్టండి. 1942 ఫిబ్రవరి 23న ఇటలీ సైన్యం లుబ్లియానా చుట్టూ ముళ్లకంచె బిగించింది. మధ్యమధ్య బంకర్లు, దాటాలంటే అనుమతి కాగితం. లోపల విమోచన కూటమి, బయట పార్టిజాన్లు. ఆ ఇద్దరినీ విడదీయడం దాని ఉద్దేశం. 1943లో ఇటలీ పోయి జర్మన్లొచ్చినా కంచె అలాగే ఉంది, 1945 మే 9 దాకా. ఇప్పుడు అదే గీత మీద 30 కిలోమీటర్లు దాటిన కంకర బాట ఉంది. 4 మీటర్ల వెడల్పు, రెండు పక్కలా చెట్లు, కంచె వెళ్లిన చోటును చెప్పే ఎనిమిది పలకల రాతి స్తంభాలు. మొత్తం నడవక్కర్లేదు, ఒక గంట నడిస్తే రెండు స్తంభాలైనా తగులుతాయి. జనం అక్కడ పరుగెడుతుంటారు, కుక్కల్ని తిప్పుతుంటారు. మ్యూజియంలోని కంచె ముక్కకూ ఈ బాటకూ తేడా మీ ప్రాజెక్టులో ఒక అధ్యాయం అవుతుంది.

కాంగ్రెస్ స్క్వేర్‌లో 2017 జూలై 13న ఆవిష్కరించిన ‘అన్ని యుద్ధాల బాధితుల’ స్మారకం ఉంది. రెండు పెద్ద పలకలు, మధ్యలో ఖాళీ. పేర్లూ లేవు, పక్షాలూ లేవు. మ్యూజియం చెప్పాల్సిన ‘ఎవరు, ఎప్పుడు, ఎందుకు’ అన్నింటినీ ఇది పక్కనపెట్టింది. స్మారకానికి అది చెల్లుతుందేమో, మ్యూజియానికి మాత్రం చెల్లదని నా అభిప్రాయం.

మొదటి ప్రపంచ యుద్ధం మీద ఉన్న కోబారిద్ మ్యూజియం తప్పించొద్దు. 1990లో తెరిచారు, 1993లో యూరప్ కౌన్సిల్ మ్యూజియం బహుమతి వచ్చింది. 1915 మే నుంచి 1917 దాకా సోచా నది వెంట 12 యుద్ధాలు జరిగాయి, చివరిది 1917 అక్టోబర్ 24న ఇక్కడే మొదలైంది. మంచులో సైనికుల బతుకుకు తెల్ల గది, చావుకు నల్ల గది. అక్కడ గెలిచిన జెండా ఏదీ ముందుకు రాదు. స్లొవేన్లు ఆస్ట్రియా సైన్యంలో పోరాడారు, ఆ సామ్రాజ్యం మరుసటేడాదికే లేదు. ఊరి పైన కొండ మీద 1938లో ఇటలీ కట్టిన అస్థికల స్మారకం ఉంది, 7,000 మందికి పైగా ఇటాలియన్ సైనికులవి. మ్యూజియం చూశాక అదే రోజు అక్కడికి ఎక్కండి. ఒకే యుద్ధాన్ని ఫాసిస్టు ప్రభుత్వం రాతిలో ఎలా చెప్పిందో ఎదురుగా కనిపిస్తుంది.

ఇక చెర్క్నో దగ్గరి ఫ్రాంయా పార్టిజాన్ ఆసుపత్రి. 1943 డిసెంబర్ నుంచి 1945 మే దాకా పసిత్సా లోయలో, రెండు రాతిగోడల మధ్య ఇరుకులో చెక్క గుడిసెలు కట్టి నడిపారు. పేరు డాక్టర్ ఫ్రాంయా బోయ్త్స్ బిదోవెత్స్‌ది. గాయపడినవాళ్లను రాత్రిపూట, కళ్లకు గంతలు కట్టి తెచ్చేవారు. మోసేవాళ్లు వాగు నీళ్లలోనే నడిచేవారు, ఒడ్డున అడుగుజాడ పడితే ఆసుపత్రి దొరికిపోతుంది గనక. పట్టుబడినా తనకు తెలియని దారిని ఎవరూ చెప్పలేరు, గంతలు అందుకే. ఆపరేషన్ గది, ఎక్స్‌రే, చిన్న జలవిద్యుత్ కేంద్రం, వంటిల్లు అన్నీ ఆ ఇరుకులోనే. జర్మన్లకు అది చివరిదాకా దొరకలేదు. 2007 సెప్టెంబర్ 18 వరదకు గుడిసెలు చాలామట్టుకు కొట్టుకుపోయాయి, తిరిగి కట్టి 2010లో తెరిచారు. కాబట్టి మీరు చూసే చెక్క చాలావరకు కొత్తది, చోటు మాత్రం పాతది. ఈ సంగతి రాయకుండా ‘అసలైన ఆసుపత్రి’ అని రాస్తే మ్యూజియాలజీ పరీక్షకుడు పట్టుకుంటాడు.

దస్తావేజు:

1991 భాగం గురించి నేను రాస్తాను.

అంకెలతో మొదలు. 1990 డిసెంబర్ 23 ప్లెబిసైట్‌కు 88.5 శాతం అని, 95 శాతం అని రెండూ కనిపిస్తాయి. మొదటిది మొత్తం ఓటర్లలో, రెండోది ఓటేసినవాళ్లలో. చట్టం ప్రకారం మొత్తం ఓటర్లలో సగం దాటితేనే చెల్లుతుంది, అందుకే 88.5కే బరువు. మీ వ్యాసంలో ఏది వాడినా దేంట్లో శాతమో రాయండి.

1991 జూన్ 25న స్వాతంత్ర్య ప్రకటన, 27 నుంచి యుద్ధం ఆపిన జూలై 7 బ్రియోనీ ఒప్పందం దాకా పది రోజుల యుద్ధం, అక్టోబర్ 8న సొంత కరెన్సీ తోలార్, అక్టోబర్ 25–26 రాత్రి యుగొస్లావ్ సైన్యంలో చివరి బృందం కోపర్ రేవు నుంచి ఓడెక్కి పోవడం. చనిపోయినవాళ్లు అన్ని వైపులా కలిపి వందకు లోపే. క్రొయేషియా, బోస్నియా యుద్ధాలతో పోలిస్తే కథ శుభ్రంగా ముగిసినట్టు కనిపిస్తుంది. మ్యూజియంలో ఈ గది విజయోత్సవంగా మారిపోవడానికి కారణమిదే. దాన్ని పరీక్షించడానికి రెండు సంగతులు వెతకండి.

జూన్ 27న లుబ్లియానా మీద కూల్చిన గజెల్ హెలికాప్టర్‌లో ఆయుధాలు లేవు, రొట్టెలు తీసుకెళ్తోంది. నడుపుతున్న టోని మ్ర్లాక్ స్లొవేన్. ఆ రోజు అతను ఇంకా యుగొస్లావ్ సైన్యంలో ఉన్నాడు. అతని పేరు చనిపోయినవాళ్ల జాబితాలో ఏ వైపు, ఏ మాటలతో ఉందో చూడండి.

రెండోది, ‘చెరిపివేతకు గురైనవాళ్లు’. మిగతా యుగొస్లావ్ రిపబ్లిక్‌ల నుంచి వచ్చి స్లొవేనియాలో స్థిరపడి, గడువులోగా పౌరసత్వం తీసుకోని 25,671 మందిని 1992 ఫిబ్రవరి 26న శాశ్వత నివాసుల రిజిస్టరు నుంచి తీసేశారు. చాలామందికి ఆ సంగతి ఆఫీసు కౌంటరు దగ్గర కార్డు లాక్కుని రంధ్రం పొడిచినప్పుడే తెలిసింది. ఉద్యోగం, వైద్యం, పింఛను, ఇల్లు అన్నీ దానికే ముడిపడి ఉండేవి. 2012లో యూరప్ మానవ హక్కుల కోర్టు కురిచ్ కేసులో స్లొవేనియాను తప్పుపట్టింది, 2022లో అధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. రంధ్రం పడిన గుర్తింపు కార్డు ఒక్కటి చాలు, దీన్ని చూపించడానికి. అది స్వాతంత్ర్యపు గదిలోనే ఉందా, వేరే ‘మానవ హక్కుల’ మూలకు నెట్టారా, అసలు లేదా అన్నది రాసుకోండి. స్వాతంత్ర్యపు గదిలోనే, తోలార్ నోట్లకు నాలుగడుగుల దూరంలో ఉండాలన్నది నా వాదన. ఆ కొత్త నోట్లు వచ్చి ఐదు నెలలు తిరక్కుండానే, అదే రాజ్యం ఆ పేర్లు కొట్టేసింది.

మెయిల్ రాసేటప్పుడు ఈ రెండు సంగతులకు సంబంధించిన వస్తువుల గురించి విడిగా అడగండి. ప్రదర్శనలో లేకపోయినా సేకరణలో ఉంటే, ఎందుకు బయట పెట్టలేదన్న ప్రశ్నకు క్యూరేటర్లు ఇచ్చే జవాబే మీకు అన్నిటికంటే విలువైన సమాచారం. జవాబు రావడానికి వ్యవధి పడుతుంది, వేసవి సెలవుల్లో ఇంకా ఆలస్యం, కాబట్టి ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందు పంపండి.